రోమ్‌లో పేట హోటల్లో రాత్రి భోజనం: మీ ప్రశ్నలు, మా జవాబులు

గత సంచికలో రోమ్ యాత్ర గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో చర్చిల గురించి, మ్యూజియంల గురించి అడిగినవాళ్లు తక్కువ. రాత్రి పూట ఎక్కడ తినాలి, ఏం తినాలి, బిల్లు ఎందుకంత వచ్చింది అనేవే ఎక్కువ. పెద్ద కట్టడాల పక్కన నాలుగు భాషల్లో బొమ్మల మెనూ పెట్టి, గుమ్మంలో నిలబడి చెయ్యి పట్టుకుని లాగినంత పనిచేసే హోటళ్ల జోలికి ఇక్కడ పోవడం లేదు. తెస్తాచ్చో, గార్బతెల్లా, మోంతెవెర్దె, సాన్ లొరెన్సో లాంటి పేటల్లో ఆ వీధివాళ్లే వచ్చి తినే చిన్న హోటళ్లు, అంటే త్రత్తోరియాలు, వాటి గురించే ఈ జవాబులు.

ప్రశ్న: మా అబ్బాయి రోమ్‌లో ఎం.ఎస్. చేస్తున్నాడు. మేం వెళ్లినప్పుడు సాయంత్రం 6 గంటలకు ఆకలేసి బయల్దేరితే ఒక్క హోటలూ తెరిచి లేదు. అక్కడ ఇంతేనా? (విజయవాడ)

జవాబు: ఇంతేనండీ. మధ్యాహ్నం భోజనం 3 గంటలకల్లా ముగించి వంటిల్లు కట్టేస్తారు. మళ్లీ పొయ్యి వెలిగేది రాత్రి 7 లేదా 7.30కి. ఆ వేళకు వెళ్తే హాల్లో మీరు తప్ప ఎవరూ ఉండరు, బల్ల సులువుగా దొరుకుతుంది. ఊరివాళ్లు వచ్చేది 8.30 తర్వాతే. శుక్ర, శనివారాల్లో ముందు ఫోన్ చేసి చెప్పకపోతే 9 గంటలకు బల్ల దొరకడం కష్టం. వంటగది సాధారణంగా 10.30 ప్రాంతంలో ఆర్డర్లు ఆపేస్తుంది.

షుగర్ ఉండి వేళకు తినాల్సిన పెద్దవాళ్లు వెంట ఉంటే సాయంత్రం 6కి ఏదైనా బేకరీలో 'పిజ్జా అల్ తాల్యో' కొనిపెట్టండి. పెద్ద పళ్లెంలో కాల్చిన పిజ్జాను కత్తెరతోనో కత్తితోనో కోసి, తూకం వేసి అమ్ముతారు. అరచేయంత ముక్క చాలు, 8.30 వరకు ఆగుతారు. ప్రతి హోటల్‌కూ వారానికో సెలవు ఉంటుంది, చాలాచోట్ల ఆది రాత్రో సోమవారమో. ఆగస్టు 15న అక్కడ వచ్చే పండుగకు అటూ ఇటూ అయితే పేట హోటళ్లు రెండేసి వారాలు తలుపులు మూసేస్తాయి. 'కియూజో పెర్ ఫెరియె' అన్న కాగితం కనిపిస్తే ఇక తట్టి లాభం లేదు.

ప్రశ్న: మెనూలో అయిదారు భాగాలున్నాయి. అన్నిట్లోంచీ ఒక్కొక్కటి చెప్పాలా? చెప్పకపోతే చిన్నచూపు చూస్తారా? (రాజమహేంద్రవరం)

జవాబు: అక్కర్లేదు. 'అంతిపాస్తి' ముందు కొరుక్కునేవి, 'ప్రీమి' పాస్తా లేదా సూపు, 'సెకోంది' మాంసం లేదా చేప, 'కొంతోర్ని' కూరగాయలు, 'దొల్చి' తీపి. మామూలు రోజుల్లో రోమ్‌వాళ్లే అన్నీ తినరు. ఒక పాస్తా, ఒక కూరగాయ, చివర్లో కాఫీ అంటే నిండు భోజనమే. ఇద్దరు కలిసి ఒక అంతిపాస్తో పంచుకుని, తలా ఒక పాస్తా తీసుకోవడం మామూలే. నలుగురు కూర్చుని రెండు పాస్తాలు చెప్పి నాలుగు పళ్లాలు అడిగితే మాత్రం, పైకి ఏమీ అనకపోయినా, యజమాని ముఖం కాస్త మారుతుంది. రద్దీ రాత్రి ఒక బల్ల మీద ఆయన లెక్క తలకో పళ్లెం.

ఒక సంగతి గమనించండి. సెకోందిలో మాంసం ముక్క చెబితే పళ్లెంలో మాంసం ముక్కే వస్తుంది. పక్కన బంగాళాదుంపలో ఆకుకూరో కావాలంటే కొంతోర్నిలోంచి విడిగా చెప్పాలి. 'కూర లేకుండా వట్టి ముక్క పెట్టారు' అని మాకొచ్చిన ఫిర్యాదులకు కారణం ఇదే. గురువారం వెళ్తే బంగాళాదుంప ముద్దలతో చేసే 'న్యోక్కి' ఉందా అని అడగండి. గురువారం న్యోక్కి, శుక్రవారం చేప, శనివారం పేగులూ పొట్టా అని రోమ్‌లో పాత నానుడి. కొన్ని పేట వంటిళ్లు ఇంకా పాటిస్తాయి.

ప్రశ్న: మేం పూర్తి శాకాహారులం, గుడ్డు కూడా తినం. 'మాంసం వద్దు' అని ఇటాలియన్‌లోనే చెప్పాను. అయినా పచ్చి ఆకుల సలాడ్‌లో చేప వచ్చింది. తప్పు ఎవరిది? ఏం తినొచ్చో వివరంగా చెప్పగలరు. (హైదరాబాద్)

జవాబు: మీరు 'సెంత్సా కార్నె' అని ఉంటారు. ఆ మాటకు వాళ్ల లెక్కలో చేప రాదు, మాంసం ఉడికించిన నీళ్లూ రావు. మీ పళ్లెంలోకి వచ్చింది బహుశా 'పుంతరెల్లె'. చలికాలం నుంచి వసంతం దాకా దొరికే ఒక రకం చికోరీ కాడల్ని సన్నగా చీల్చి చల్లటి నీళ్లలో వేస్తే ఉంగరాల్లా చుట్టుకుంటాయి. వాటిమీద వెల్లుల్లి, వెనిగర్, ఆలివ్ నూనెతో పాటు ఉప్పులో ఊరిన అలీచి చేపల్ని మెత్తగా నూరి కలుపుతారు. నూరేశాక చేప కంటికి కనబడదు, వాసనే పట్టిస్తుంది.

'వెజ్జా, నాన్‌వెజ్జా' అని ఒక్క ముక్కలో అడిగితే అక్కడ పని జరగదు. పదార్థం పేరు పెట్టి అడగాలి. మగవారైతే 'సోనో వెజెతారియానో', ఆడవారైతే 'సోనో వెజెతారియానా' అని మొదలుపెట్టి, 'నియెంతె కార్నె, నియెంతె పేషె, నియెంతె బ్రోదో ది కార్నె, నియెంతె ఉవోవా' అనండి. మాంసం, చేప, మాంసం నీళ్లు, గుడ్డు ఏవీ వద్దని అర్థం. ఉచ్చారణ మీద అనుమానం ఉంటే ఫోన్లో అనువాదం తీసి చూపించండి.

ఇక మోసపోయే చోట్లు. 'అమత్రిచానా' ఎర్రటి టమాటా పాస్తానే, కానీ అందులో 'గ్వాంచాలె', అంటే ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది చెంప మాంసం ఉంటుంది. 'గ్రీచా' చూడ్డానికి తెల్లగా వట్టి జున్ను (చీజ్) పాస్తాలా ఉంటుంది, అందులోనూ అదే. వేయించిన గుమ్మడి పువ్వుల్లో జున్నుతో పాటు ఒక చేప ముక్క దూరుస్తారు. 'సుప్లి' అనే అన్నం ఉండల్లో సంప్రదాయంగా మాంసం సాస్ కలుస్తుంది. రిజొత్తో (ముద్దగా వండే అన్నం), సూపులు మాంసం నీళ్లతో చేసినవి కావచ్చు. చిక్కుడు గింజల కూర పేరు చివర 'కోతికె' అని ఉంటే పంది చర్మం. కాల్చిన బంగాళాదుంపలు మాంసంతో పాటు ఒకే ట్రేలో కాల్చారా అని అడగడం మంచిది.

గుడ్డు తిననివాళ్లు పాస్తా ఆకారం కూడా చూసుకోవాలి. స్పగెత్తి, రిగతోని, పెన్నె లాంటి ఎండు పాస్తా గట్టి గోధుమ రవ్వ, నీళ్లతోనే తయారవుతుంది. ఫెత్తుచీనె, రవియోలి, లజాన్యా లాంటి తాజా పాస్తాల్లో సాధారణంగా గుడ్డు ఉంటుంది. మందపాటి స్పగెత్తిలా ఉండే తొన్నరెల్లిలో కూడా చాలాచోట్ల ఉంటుంది. అందుకని 'కాచో ఎ పెపె' (జున్ను, మిరియాల పాస్తా) చెప్పేటప్పుడు తొన్నరెల్లి బదులు స్పగెత్తితో చేస్తారా అని అడగండి. పేట హోటల్లో సాధారణంగా కాదనరు. తీపిలో తిరమిసు వద్దు, పచ్చి గుడ్డు పడుతుంది. పన్నకొత్తలో జెలటిన్, అంటే పశువుల చర్మం, ఎముకల నుంచి తీసేది, ఉంటుంది. నిమ్మకాయ సొర్బెత్తో అడగండి, లేదా పళ్లు.

నిశ్చింతగా చెప్పగలిగినవి: వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఎండుమిర్చితో స్పగెత్తి ('ఆల్యో, ఓల్యో ఎ పెపెరొన్చీనో'), టమాటా, మిరపకాయతో పెన్నె 'అర్రబ్బియాతా' (పైన జున్ను వద్దంటే చాలు), ఉడికించిన చేదు ఆకుకూరను వెల్లుల్లి, మిరపతో వేయించిన 'చికోరియా రిపస్సాతా'. పిజ్జాల్లో 'మరినారా'. పేరు చూసి సముద్రపు చేప అనుకుని వదిలేయకండి. టమాటా, వెల్లుల్లి, ఓరెగానో, నూనె, అంతే. జున్ను కూడా ఉండదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య వెళ్తే 'కార్చోఫి అల్లా జుదియా' వదలొద్దు. రోమ్‌లోని యూదుల వంట. ఆర్టిచోక్ మొగ్గను నూనెలో రెండుసార్లు వేయిస్తే రేకులు విచ్చుకుని కరకరలాడతాయి.

మెనూలో వంటకాల పక్కన చిన్న అంకెలుంటే వాటిని వాడుకోండి. ఐరోపా సమాఖ్య నిబంధన (1169/2011) ప్రకారం 14 అలెర్జీ పదార్థాలు తెలియజేయాలి. సాధారణంగా 3 అంటే గుడ్డు, 4 చేప, 7 పాలు. వరస మారే వీలుంది కాబట్టి చివరి పేజీలో పట్టిక చూడండి. పుంతరెల్లె పక్కన 4 ఉంటే మీ ప్రశ్నకు జవాబు అక్కడే దొరికినట్టు. అయితే మాంసానికీ, పంది కొవ్వుకీ, జెలటిన్‌కీ ఈ పట్టికలో అంకెలు లేవు. అవి నోటితో అడగాల్సిందే.

ప్రశ్న: జున్నులో దూడ కడుపులోంచి తీసిన పదార్థం వేస్తారని విన్నాం. నిజమేనా? (తిరుపతి)

జవాబు: నిజమే. పాలు విరగడానికి వేసే రెన్నెట్ అది. పార్మిజానో రెజ్జానోకు దూడది, పెకొరీనో రొమానోకు గొర్రెపిల్లది వాడాలని ఆ జున్నుల నిబంధనల్లోనే ఉంది. కాబట్టి 'శాకాహార పార్మిజానో' అని వేరే రకం లేదు. ఇది మీకు పట్టింపు అయితే రోమ్‌లో జున్ను వేసిన పాస్తా ఏదీ తినకపోవడమే దారి. పైన చెప్పిన ఆల్యో ఓల్యో, అర్రబ్బియాతా, మరినారాలకు 'సెంత్సా ఫొర్మాజ్జో' (జున్ను లేకుండా) అని చేర్చండి. మన దేశంలో ఆకుపచ్చ చుక్క ఉన్న జున్నులకు సూక్ష్మజీవుల నుంచి వచ్చిన రెన్నెట్ వాడతారు కాబట్టి ఇంట్లో వంటకు ఆ ఇబ్బంది లేదు.

ప్రశ్న: కోడి, మేక తింటాం. గొడ్డుమాంసం, పంది తినం. మెనూలో ఎలా గుర్తుపట్టాలి? (కరీంనగర్)

జవాబు: 'మాంత్సో' ఎద్దు లేదా ఆవు, 'వితెల్లో' లేత దూడ, 'మయాలె' పంది. ఈ మాటలు లేకపోయినా అవే ఉండేవి: సాల్తింబొక్కా (దూడ మాంసం మీద పంది హామ్), బ్రెజావొలా (ఆరబెట్టిన గొడ్డుమాంసం), పొల్పెత్తె (మాంసం ఉండలు, ఎక్కువగా గొడ్డు లేదా కలగలుపు), రగూ అనే మాంసం సాస్. గుడ్డు, జున్నుతో చేసే కార్బొనారా పాస్తాలో గ్వాంచాలె (పంది చెంప మాంసం). మీకు పనికొచ్చేవి 'పొల్లో' అంటే కోడి, 'అబ్బాక్యో' అంటే పాలు తాగే గొర్రెపిల్ల. అబ్బాక్యో పక్కటెముకల్ని నిప్పుల మీద కాల్చి 'స్కొత్తదీతో' అని ఇస్తారు. చేత్తో పట్టుకుని తినొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. రోమ్‌లో తినాల్సిన మాంసం ఒక్కటే చెప్పమంటే మా ఓటు దానికే.

తెస్తాచ్చోలో ఒకప్పుడు ఊరి పెద్ద కబేళా ఉండేది, 1975లో మూసేశారు. అక్కడి హోటళ్లలో తోక, పేగులు, పొట్ట వంటలు ఎక్కువ. బోటి కూర ఇష్టమైనవాళ్లకు నోరూరుతుంది గానీ అవి ఎక్కువగా పశువులవే. అడిగి తినండి.

ప్రశ్న: ఇద్దరం తింటే బిల్లు అనుకున్నదానికి దాదాపు రెట్టింపు వచ్చింది. 'పానె' అని 3 యూరోలు, చేపకు 42 యూరోలు వేశారు. మెనూలో చేప 7 యూరోలే! (విశాఖపట్నం)

జవాబు: చేప దగ్గర మోసం జరగలేదు. మెనూలో ధర పక్కన 'అల్లెత్తో' అని ఉంటుంది. ఎత్తో అంటే 100 గ్రాములు. 600 గ్రాముల చేపకు 7 చొప్పున 42. పైగా తూకం పచ్చి చేపకు, తల, ముల్లు, పొట్టలోనిది అన్నీ కలిపి. వంటకు ముందు 'క్వాంతో పేసా?' (ఎంత బరువు?) అని అడిగితే చేపను పళ్లెంలో తెచ్చి చూపిస్తారు, చిన్నది కావాలంటే మారుస్తారు. పెద్ద మాంసం ముక్కలకూ ఇదే లెక్క. ధర స్థానంలో అంకె లేకుండా 'ఎస్.క్యూ.' అని ఉన్నా తూకాన్ని బట్టే.

'పానె' అంటే రొట్టె. ఇటలీలో చాలాచోట్ల తలకు ఇంత అని 'కొపెర్తో' వసూలు చేస్తారు, మెనూలో రాసి ఉంటే సక్రమమే. రోమ్ ఉన్న లాత్సియో ప్రాంతంలో 2006 నాటి ప్రాంతీయ చట్టం కొపెర్తోను నిషేధించింది. అందుకే అక్కడ రొట్టె పేరుతో వేస్తారు. రొట్టె బుట్ట బల్ల మీదకు రాగానే వద్దని పంపేస్తే ఆ డబ్బు కట్టనక్కర్లేదు. ఒక్క ముక్క తుంచాక వాదించకండి. 'సెర్వీత్సియో' అని శాతం లెక్కన వేస్తే అది మెనూలో ముందే రాసి ఉండాలి. అది వేసిన చోట టిప్పు అక్కర్లేదు. వేయని చోట కూడా తప్పనిసరి కాదు, 47 అయితే 50 పెట్టి లేస్తారు.

మంచినీళ్లు సీసాలో వస్తాయి, డబ్బు కట్టాలి. 'నతురాలె' మామూలువి, 'ఫ్రిద్జాంతె' సోడా నీళ్లు. రోమ్ కుళాయి నీళ్లు శుభ్రమైనవే. వీధుల్లో 'నజోని' అనే ఇనుప కుళాయిలు సుమారు 2,500 ఉన్నాయి, మీ సీసా అక్కడ నింపుకోండి. హోటల్లో మాత్రం సీసానే తెస్తారు.

మీరు అడిగే వరకు బిల్లు రాదు. 'ఇల్ కొంతో, పెర్ ఫవోరె' అనాలి. నిర్లక్ష్యం అనుకుని అరగంట అలిగి కూర్చున్నవాళ్లున్నారు. తినడం అయిపోగానే బిల్లు పెడితే లేచిపొమ్మన్నట్టని వాళ్ల భావం. కార్డు తీసుకోనంటే 2022 జూన్ 30 నుంచి జరిమానా ఉంది, 'మెషీన్ పాడైంది' అన్నమాట ఇప్పుడు తక్కువ వినిపిస్తుంది.

ప్రశ్న: పాస్తా సగమే ఉడికింది. వెనక్కి పంపొచ్చా? (గుంటూరు)

జవాబు: మధ్యలో సన్నటి గట్టిదనం ఉండేలా దించడమే వాళ్ల పద్ధతి. ఇంకా మెత్తగా కావాలంటే చెప్పేటప్పుడే 'బెన్ కొత్తా' అనండి. వచ్చాక పంపితే మళ్లీ పెనం మీద తిప్పుతారు, సాస్ విరిగి రుచి చెడుతుంది. కారం చాలదని మీరే ఇంకో కాగితంలో రాశారు. 'ఓల్యో పిక్కాంతె' అడిగితే మిర్చి ఊరిన నూనె ఇస్తారు. గుంటూరు నాలుకకు అది చప్పగానే ఉంటుంది. అలాగని బ్యాగులోంచి ఆవకాయ సీసా తీయకండి.

ప్రశ్న: అక్కడ తిన్న కాచో ఎ పెపె ఇంట్లో చేద్దామంటే జున్ను ప్రతిసారీ ఉండలు కట్టి గరిటెకు అంటుకుంటోంది. క్రీమ్ కలపాలా? (సికింద్రాబాద్)

జవాబు: క్రీమ్ వద్దు. మీరు స్టవ్ వెలుగుతుండగానే జున్ను వేస్తున్నారు. సుమారు 65 డిగ్రీలు దాటితే జున్నులోని ప్రొటీన్లు ఒకదానికొకటి అతుక్కుని రబ్బరు ముద్ద అవుతాయి. తగినంత పిండిపదార్థం ఉంటే అది వాటి మధ్య చేరి అతుక్కోనివ్వదు. 2025లో ఇటలీ భౌతిక శాస్త్రవేత్తలు ఈ సాస్ మీదే పరిశోధన ప్రచురించారు. జున్ను బరువులో 2 నుంచి 3 శాతం పిండి ఉంటే ఉండలు కట్టదని తేల్చారు. వట్టి పాస్తా నీళ్లలో పిండి ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ ఉంటుంది కాబట్టి విడిగా కలుపుకోవడమే నయం.

ఇద్దరికి: స్పగెత్తి 200 గ్రాములు, పెకొరీనో 130 గ్రాములు, తెల్ల కార్న్‌ఫ్లోర్ 3 గ్రాములు (చదునుగా ఒక టీస్పూను), మిరియాలు ఒకటిన్నర టీస్పూను. పసుపురంగు మొక్కజొన్న పిండి వాడకండి, బరకగా మిగిలిపోతుంది. కార్న్‌ఫ్లోర్‌ను 35 మి.లీ. నీళ్లలో కలిపి సన్న మంట మీద గంజిలా చిక్కబడే వరకు తిప్పి, పూర్తిగా చల్లార్చండి. అందులో సన్నగా తురిమిన జున్ను వేసి మిక్సీలో మెత్తటి ముద్ద చేయండి. మిరియాలు వట్టి మూకుడులో వేయించి, రోట్లో బరకగా దంచండి. పొడి డబ్బా వద్దు. అరకు మిరియాలైతే ఘాటు బాగుంటుంది.

మామూలుగా 100 గ్రాముల పాస్తాకు లీటరు నీళ్లు, లీటరుకు 10 గ్రాముల ఉప్పు లెక్క. ఇక్కడ మాత్రం నీళ్లు లీటరున్నర, ఉప్పు ఒక టీస్పూను చాలు, పెకొరీనోలోనే బోలెడు ఉప్పుంది. ప్యాకెట్ మీద చెప్పిన సమయానికి ఒక నిమిషం ముందు పాస్తా తీసి, పెద్ద గరిటెడు నీళ్లు పక్కన పెట్టుకోండి. స్టవ్ ఆపి, పాస్తాను వేరే గిన్నెలో ఒక నిమిషం వదిలేయండి. అప్పుడు జున్ను ముద్ద, మిరియాలు వేసి జోరుగా కలపండి. గట్టిగా ఉంటే పక్కన పెట్టిన నీళ్లు ఒక్కో చెంచా పోస్తూ పలచన చేయండి. స్ట్రాతో పీల్చేంత పలచగా కనిపించినా భయపడకండి, పళ్లెంలో రెండు నిమిషాలకే చిక్కబడుతుంది.

డబ్బాలో అమ్మే జున్ను పొడి పనికిరాదు. గడ్డ కట్టకుండా అందులో కలిపే పదార్థాల వల్ల సాస్ నునుపుగా రాదు. జున్ను స్లైసులు ఉండలు కట్టవు గానీ అది వేరే వంటకం. పాస్తా ప్యాకెట్ మీద డ్యూరమ్ గోధుమ రవ్వ అని ఉండాలి. మైదా పాస్తా అయితే నీళ్లలోనే జిగురవుతుంది.

ప్రశ్న: రాత్రి భోజనం తర్వాత కపుచీనో అడిగితే నవ్వారు. (నెల్లూరు)

జవాబు: వాళ్లకు పాల కాఫీ పొద్దుటి పానీయం. ఇస్తారు, కాదనరు. నవ్వకూడదనుకుంటే 'మాక్యాతో' అడగండి, చిన్న కప్పు ఎస్ప్రెస్సో మీద చుక్క పాల నురగ.

ప్రశ్న: చిన్నపిల్లలు ఏదీ తినకపోతే? మిగిలింది కట్టి ఇస్తారా? (వరంగల్)

జవాబు: 'పాస్తా ఇన్ బ్యాంకో' అడగండి. మెనూలో ఉండదు, ప్రతి వంటగదిలో చేస్తారు. ఉడికించిన పాస్తా, వెన్న లేదా నూనె, పైన జున్ను. సగం చాలంటే 'మెద్జా పొర్త్సియోనె' అనండి. మిగిలింది 'పొస్సో పొర్తార్లో వియా?' అని అడిగితే డబ్బాలో పెట్టి ఇస్తారు. పిజ్జా అయితే మర్నాడు పొద్దున వట్టి పెనం మీద మూత పెట్టి వేడి చేస్తే బాగుంటుంది. కాచో ఎ పెపె మాత్రం కట్టించుకోకండి, మళ్లీ వేడి చేసిన మరుక్షణం ఉండలే.